వేలికి ఒకే లిపి

1953లో రెండు పుస్తకాలు అచ్చయ్యాయి. మొదటిది థామస్ బరో, సుధీభూషణ్ భట్టాచార్య కలిసి రాసిన ‘ది పర్జీ లాంగ్వేజ్’. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ధుర్వా ఆదివాసులు మాట్లాడే పర్జీ భాషకు వ్యాకరణం, పదకోశం కలిపి కూర్చిన గ్రంథం అది. రెండోది యునెస్కో ప్రచురించిన ‘వరల్డ్ బ్రెయిలీ యూసేజ్’. ప్రపంచంలో ఏ భాషను ఏ చుక్కలతో రాస్తున్నారో ఒకచోట చేర్చి క్లూతా మెకంజీ తయారుచేసిన పుస్తకం. ద్రావిడ భాషల పండితులు మొదటిదాన్ని చదివారు. అంధుల పాఠశాలలు నడిపేవాళ్లు రెండోదాన్ని చదివారు. రెండింటినీ కలిపి చదవాల్సిన అవసరం ఉన్నది తోంగ్‌పాల్ లాంటి ఊళ్లో చూపు లేకుండా పెరిగే ధుర్వా పిల్లవాడికి. వాడి ఇంటి మాటలో ఏయే ధ్వనులున్నాయో మొదటి పుస్తకం చెప్పింది. ఆ ధ్వనుల్ని ఆరు చుక్కల్లో ఎలా పెట్టవచ్చో రెండోది చెప్పింది. వాడి అక్షరాభ్యాసానికి కావలసిన సాంకేతికత ఆ ఏడాదికే సిద్ధంగా ఉందనడం అతిశయోక్తి కాదు. చూపులేని పిల్లల చదువు చరిత్ర చెప్పేటప్పుడు మనం యంత్రాల వరస చెబుతాం: బ్రెయిలీ టైపు మిషను, క్యాసెట్టు, కంప్యూటర్, ఫోను. నాకు ఆ చరిత్ర వేరేలా కనిపిస్తుంది. యంత్రాల కంటే ముందు ఒక ఒప్పందం ఉంది, ఏ ధ్వనికి ఏ గుర్తు అన్నదాని మీద మనుషులు కుదుర్చుకున్న ఒప్పందం. అది కుదిరిన చోట చిన్న పనిముట్టు కూడా చదువు నేర్పింది, కుదరని చోట పెద్ద యంత్రం కూడా మూగపోయింది. మన దేశంలో ఆ ఒప్పందం 1951లో కుదిరింది. దాని ఫలాన్ని చిన్న భాషలకు పంచడం మరిచిపోయాం. మాట్లాడే యంత్రాల ఉత్సాహంలో ఇప్పుడు మరోసారి మరిచిపోయే ప్రమాదం ఉంది.

తోంగ్‌పాల్ జగదల్‌పూర్ నుంచి సుక్మా వెళ్లే దారిలో, దర్భా దాటాక వస్తుంది. 30వ నంబరు జాతీయ రహదారి అది. అదే రోడ్డు సుక్మా, కుంట మీదుగా భద్రాచలం చేరి, కొత్తగూడెం దాటి, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా వస్తుంది. ఒకప్పుడు విశాల బస్తర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 1998లో దంతెవాడ జిల్లాలోకి, 2012లో సుక్మా జిల్లాలోకి వెళ్లింది. చుట్టుపక్కల ధుర్వా పల్లెలు. సంతలో హల్బీ, బడిలో హిందీ, దక్షిణానికి దిగేకొద్దీ గోండీ, దొర్లీ, కుంట చేరేసరికి తెలుగు. ఇది తెలుగువాళ్లకు కొత్త నేల కాదు. బస్తర్ రాజవంశం ఓరుగల్లు నుంచి వచ్చిన అన్నమదేవుణ్ణి తన మూలపురుషుడిగా చెప్పుకుంది. పర్జీ సైతం మన భాషకు చుట్టమే: కన్నును ‘కన్’ అంటారు, చేతిని ‘కెయ్’ అంటారు, నీటిని ‘నీర్’ అంటారు. ఆ భాషకు తనదంటూ పాత లిపి లేదు. అంతమాత్రాన ఆ మనుషులకు సంకేతాలు తెలియవని కాదు. 1910 భూమకాల్ తిరుగుబాటులో మామిడి కొమ్మలు, మిరపకాయలు ఊరి నుంచి ఊరికి చేతులు మారి పిలుపును మోసుకెళ్లాయి. ఆ పోరాటానికి నాయకుడిగా బస్తర్ తలుచుకునే గుండాధూర్ నేతానార్ ఊరి ధుర్వా. చేతికి అందిన వస్తువును ఒక అర్థంగా చదవడం ఈ అడవికి పాత విద్యే. అలాంటి చోట లిపి అనేది మొదటిసారి కంటికి కాక వేలికి పరిచయమైతే తప్పేమిటన్న ప్రశ్న నన్ను ఈ వ్యాసమంతా వెంటాడుతుంది.

వేలికి ఏ లిపి కావాలన్నది చాలాకాలం చూపున్నవాళ్లే తేల్చారు. 1780లలో ప్యారిస్‌లో వాలెంటిన్ ఆవీ అంధుల పాఠశాల పెట్టినప్పుడు, తాము చదివే రోమన్ అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా వచ్చేలా అచ్చొత్తించాడు. కంటికి అందమైన అక్షరం వేలికి కూడా అందుతుందనుకోవడం ఆయన మంచితనంలోని పొరపాటు. వంకరలు తిరిగిన గీతను వేలు నెమ్మదిగా తడుముకోవాలి. పైగా దాన్ని చదవగలిగినా, సొంతంగా రాసుకునే వీలు పిల్లవాడికి లేదు. షార్ల్ బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కలతో, స్పెల్లింగును వదిలి ధ్వనులను రాసే పద్ధతి తెచ్చాడు. అదే పాఠశాల విద్యార్థి లూయీ బ్రెయిలీ దాన్ని వేలి కొసకు సరిగ్గా సరిపడేలా ఆరు చుక్కలకు కుదించాడు. 1829లో ఆ పద్ధతి పుస్తకంగా వచ్చింది. చూపు లేనివాడు తన వేలితో కొలిచి చేసుకున్న లిపి అది. దాన్ని ఆ పాఠశాలే చాలాకాలం ఒప్పుకోలేదు. 1840లో కొత్త అధిపతి దాని వాడకాన్ని అడ్డుకున్నాడు. పిల్లలు చాటుగా రాసుకుంటూనే ఉన్నారు. 1854లో అధికారిక ఆమోదం దొరికేసరికి లూయీ చనిపోయి రెండేళ్లయింది. సముద్రానికి ఆవల అమెరికాలో మరో తరహా నష్టం జరిగింది. న్యూయార్క్ పాయింట్, అమెరికన్ బ్రెయిలీ, బ్రిటిష్ బ్రెయిలీ అంటూ చుక్కల లిపులు ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. ఒకే భాష మాట్లాడే పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు చదవలేకపోయారు. హెలెన్ కెల్లర్ పుస్తకాల కోసం ఒకటికి మించి ఉబ్బెత్తు లిపులు నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంగ్లీషు మాట్లాడే దేశాలు ఒక ప్రమాణానికి కట్టుబడ్డది 1932లో. అంటే లూయీ పుస్తకం వచ్చిన నూటమూడేళ్లకు. ఆ నూటమూడేళ్లలో కనిపెట్టాల్సింది ఏమీ మిగల్లేదు, ఒప్పుకోవాల్సిందే మిగిలింది.

మన దేశం ఆ తప్పునే ఇంకా పెద్ద ఎత్తున చేసింది. 1887లో ఆనీ షార్ప్ అమృత్‌సర్‌లో తొలి అంధుల పాఠశాల తెరిచారు. తర్వాత అది డెహ్రాడూన్ దగ్గరి రాజ్‌పూర్‌కు మారింది. 1890లో తిరునెల్వేలి పక్కన పాలయంకోట్టైలో, 1897లో లాల్ బిహారీ షా చేతుల మీదుగా కలకత్తాలో, 1900లో అమెరికన్ మిషన్ తరఫున బొంబాయిలో బడులు వచ్చాయి. వీటిలో ఏ బడి చేసిన సేవనూ తక్కువ చేయలేం. కానీ ఎక్కడి బడి అక్కడి భాషకు తనకు తోచిన చుక్కలు అమర్చుకుంది. షా బ్రెయిలీ, శిరిఫ్ బ్రెయిలీ, నీల్‌కంఠ్‌రాయ్ బ్రెయిలీ, తూర్పు భాషలన్నిటికీ ఒకటే అంటూ మిషనరీలు ప్రతిపాదించిన ఓరియంటల్ బ్రెయిలీ, పాలయంకోట్టై పద్ధతి: ఇలా లిపులు పెరిగాయి. ఒక్కో లిపికీ చదువరులు కొద్దిమంది. వాళ్లకోసం అచ్చు యంత్రం పెట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదు. పుస్తకాల్లేవు కాబట్టి పిల్లలు చదవలేదు, పిల్లలు చదవట్లేదు కాబట్టి పుస్తకాలు రాలేదు. 1944లో ప్రభుత్వ కమిటీ ఇచ్చిన అంధత్వ నివేదిక దేశంలో 20 లక్షల మంది అంధులున్నారని అంచనా వేసింది. అంతమందికి ఉమ్మడి లిపి అంటూ లేని రోజులవి.

ఆ ముడి విప్పిన క్రమంలో మనకు గుర్తుండాల్సిన మనిషి క్లూతా మెకంజీ. న్యూజిలాండ్ వాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, గల్లిపోలీ దగ్గర చూపు పోగొట్టుకున్నాడు. రెండో యుద్ధంలో కళ్లు పోయిన భారతీయ సైనికుల కోసం 1943లో డెహ్రాడూన్‌లో తెరిచిన సెయింట్ డన్‌స్టన్స్ కేంద్రం ఆయన చేతుల మీదుగా నడిచింది. 1949లో భారత ప్రభుత్వం బ్రెయిలీ గందరగోళాన్ని తీర్చమని యునెస్కోకు రాసింది. ఒక కొత్త దేశం, విభజన గాయాలు ఇంకా పచ్చిగా ఉండగా, చూపులేని పిల్లల లిపి గురించి ప్రపంచ సంస్థకు ఉత్తరం రాసిందన్న సంగతి తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. 1950లో ప్యారిస్‌లో, 1951లో బేరూత్‌లో సమావేశాలు జరిగాయి. అక్కడ కుదిరిన సూత్రం చాలా తేలిక: ఒకే ధ్వనికి, అది ఏ భాషలో ఉన్నా, ఒకే చుక్కల గడి, వీలైనంతవరకు లూయీ బ్రెయిలీ ఆ ధ్వనికి ఇచ్చిన గడే. అలా పుట్టిందే భారతి బ్రెయిలీ. అదే ఏడాది డెహ్రాడూన్‌లో సెంట్రల్ బ్రెయిలీ ప్రెస్ మొదలైంది. ఒప్పందం ముందు, దాని వెనకే అచ్చు యంత్రం. ఈ వరస యాదృచ్ఛికం కాదు. ఉమ్మడి లిపి కుదిరాకే జాతీయ స్థాయిలో ఒక ప్రెస్ పెట్టడానికి అర్థం వచ్చింది.

భారతి బ్రెయిలీలో తెలుగు ఎలా ఉంటుందో కొంచెం ఆగి చూడటం మంచిది, ఎందుకంటే వాదనంతా దాని మీదే నిలబడుతుంది. ఒక గడిలో రెండు నిలువు వరసలు, ఒక్కో వరసలో మూడు చుక్కల చోట్లు. ఎడమ వైపు పైనుంచి 1, 2, 3. కుడివైపు 4, 5, 6. ‘క’ అంటే 1, 3 చుక్కలు. ‘మ’ అంటే 1, 3, 4. ‘ల’ అంటే 1, 2, 3. గుణింతం గుర్తులు వేరే లేవు. హల్లు తర్వాత అచ్చును పక్కన పెడితే చాలు. వత్తు కిందికి దిగదు. అచ్చులేని హల్లుకు ముందు 4వ చుక్క పెడతారు. చూపున్న పిల్లలు తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అంటూ నెలల తరబడి దిద్దే రూపాలు వేలికి అక్కర్లేదు. ఇప్పుడు ‘కమల’ అని రాయండి: మూడు గడులు. హిందీలో అదే మాట, దేవనాగరిలో, బ్రెయిలీకి మార్చండి: అవే మూడు గడులు. చివరి ‘ల’ను తెలుగువాడు నిండుగా పలుకుతాడు, హిందీవాడు పొల్లుగా పలుకుతాడు, కాగితం మీద చుక్క కూడా మారదు. బెంగాలీ, గుజరాతీ, కన్నడం, ఒడియా కూడా ఇంతే. కొన్ని భాషల ప్రత్యేక అక్షరాల దగ్గర చిన్న తేడాలున్నా, ఇల్లు ఒకటే. మన కళ్లకు ఇన్ని లిపులుగా విడిపోయిన దేశం వేలి కింద ఒకే లిపిగా ఉంది. ఈ సంగతి చూపున్న తెలుగువాళ్లలో ఎందరికి తెలుసో గాని, తెలిసిన ప్రతిసారీ అబ్బురంగానే ఉంటుంది.

దీని విలువ హైదరాబాదులో కంటే తోంగ్‌పాల్‌లో ఎక్కువ. ఇంట్లోనూ బడిలోనూ తెలుగే వినే హైదరాబాదు పిల్లవాడికి ఒకే భాష చాలు. తోంగ్‌పాల్ దారిలో రోజుకు మూడు నాలుగు భాషలు చెవిన పడతాయి. చూపున్న పిల్లవాడు ఇక్కడ హిందీ నేర్చాక తెలుగు చదవాలంటే మళ్లీ ఓనమాల దగ్గరికి రావాలి. చూపులేని పిల్లవాడికి ఆ భారం లేదు, ఒక్కసారి నేర్చిన గడులతో ఆ భాషలన్నీ చదువుతాడు. గోండీ సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. తెలంగాణలో గోండీని తెలుగు లిపిలో రాస్తారు, ఛత్తీస్‌గఢ్‌లో దేవనాగరిలో రాస్తారు. మంగళ్‌సింగ్ మసారం 1918లో కూర్చిన లిపి ఒకటుంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి మరొకటుంది. ఈ రెండు సొంత లిపులూ 2017, 2018లలో యూనికోడ్‌లోకి వచ్చాయి. ఏ లిపి గోండీది అన్నది ఆత్మగౌరవంతో ముడిపడిన ప్రశ్న, దాన్ని తేల్చాల్సింది గోండులే. కానీ ఆ ప్రశ్న తేలేదాకా చూపులేని గోండు పిల్లవాడు ఆగాల్సిన పని లేదు. ఆ నాలుగు లిపుల్లో దేన్ని బ్రెయిలీకి మార్చినా వచ్చే చుక్కలు దాదాపు ఒకటే. ఇక ధుర్వాకు తెలుగు నుంచి అందే సాయం ఒకటుంది. పర్జీలో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. హిందీ రాసే మామూలు దేవనాగరికి ఈ తేడా తెలియదు, కనుక దేవనాగరిలో రాసిన పర్జీ వాచకం అక్కడ తడబడుతుంది. మన బ్రెయిలీలో హ్రస్వ ఎకారానికి 2, 6 చుక్కలు, దీర్ఘానికి 1, 5; హ్రస్వ ఒకారానికి 1, 3, 4, 6, దీర్ఘానికి 1, 3, 5. తెలుగు, కన్నడ, తమిళ, మలయాళ పిల్లల కోసం పెట్టుకున్న ఆ గడులు ధుర్వాకు అచ్చంగా సరిపోతాయి. అంటే చూపులేని ధుర్వా పిల్లవాడు తన భాషను చూపున్న తోటివాడికంటే సరిగ్గా రాయగలడు.

మరి వాడికి ఆ రాత ఎందుకు అందలేదు? ఒక కారణం, చదువు ఉన్నచోటికే పిల్లవాడు రావాలన్న అలవాటు. అమృత్‌సర్ నాటి నుంచీ అంధుల పాఠశాల అంటే పట్నంలో హాస్టలు. మన వైపు హైదరాబాదు మలక్‌పేటలోని ప్రభుత్వ పాఠశాల, కంటి వైద్యులు ఎ. సాయిబాబా గౌడ్ 1990ల మొదట్లో స్థాపించిన దేవ్‌నార్ పాఠశాల ఎంతోమందిని పైకి తెచ్చాయి. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ పక్కన తిఫ్రాలో అంధుల పాఠశాలతో పాటు ప్రభుత్వ బ్రెయిలీ ప్రెస్ ఉంది. దంతెవాడ జిల్లా గీదం దగ్గర జావంగాలో వికలాంగ పిల్లల కోసం ‘సక్షమ్’ గురుకులం వచ్చింది. 2005 తర్వాతి హింసలో దక్షిణ బస్తర్‌లో బడులు కూలిపోయి, మూతపడి, వెదురు గోడల పోటా క్యాబిన్ గురుకులాలు వాటి చోటు తీసుకున్నాయి. ఇల్లు విడిచి వెళ్తేనే చదువు అన్నది అక్కడ చూపున్న పిల్లలకూ నియమమైపోయింది. గురుకులంలో భాష హిందీ. ఇంటి మాట సెలవులకే. 1974లో కేంద్రం వికలాంగ పిల్లల్ని మామూలు బడుల్లోనే చదివించే పథకం తెచ్చాక ఊళ్లు తిరిగే ప్రత్యేక ఉపాధ్యాయులు వచ్చారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మండలాల్లోని భవిత కేంద్రాలు ఆ దారిలోనివే. దిశ మంచిదే. కాని రెండో కారణం అక్కడా అడ్డొచ్చింది: ఆదివాసీ పిల్లల భాష గురించి ఆలోచించేవాళ్లు ఒక శాఖలో, వికలాంగ పిల్లల గురించి ఆలోచించేవాళ్లు ఇంకో శాఖలో ఉన్నారు. 2020 జాతీయ విద్యావిధానం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు అంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం బ్రెయిలీని పేరుపెట్టి చెబుతుంది. చూపులేని ధుర్వా పిల్లవాడు రెండు కాగితాల్లోనూ ఉన్నాడు. రెండింటినీ కలిపి వాడి ముందు పెట్టే బాధ్యత ఎవరి పేరునా లేదు. 1953 నాటి రెండు పుస్తకాల కథే ఇది.

కంప్యూటర్ వచ్చాక ఈ లోటు తీరుతుందని చాలామంది ఆశపడ్డారు. ఇక్కడే ఒప్పందం గురించిన నా వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం దొరుకుతుంది. 1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఇస్కీ కోడు దేశంలోని లిపుల్లో ఒకే ధ్వనికి ఒకే సంఖ్య ఇచ్చింది. భారతి బ్రెయిలీ నలభై ఏళ్ల కిందటే చేసిన పని అది. యూనికోడ్ వేర్వేరు గదులు ఇచ్చినా, దేవనాగరినీ తెలుగునూ సమాంతరమైన వరసలోనే పేర్చింది. కానీ మన అచ్చు లోకం ఆ ప్రమాణాల బయటే పెరిగింది. తెలుగు పుస్తకాలు, పత్రికలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో, హిందీ కాగితాలు కృతి దేవ్‌లో కూర్చారు. వాటిలో తెర మీద కనిపించేది ‘క’ అయినా, కంప్యూటర్ లోపల దాచుకున్నది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. కంటికి తేడా తెలియదు. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు, బ్రెయిలీ ప్రింటరు దాన్ని చుక్కలుగా మార్చలేదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్, జేమ్స్ టే అనే ఇద్దరు చూపులేని యువకులు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేని పిల్లలకు అదొక వరం. అయితే ఆ వరం ముందు పెట్టడానికి మన దగ్గర ఉన్న తెలుగు ఫైళ్లలో ఎక్కువ భాగం దానికి అర్థం కానివే. ఆవీ ఉబ్బెత్తు అక్షరాల్లోని పొరపాటు ఇందులోనూ ఉంది: కంటికి సరిగ్గా కనిపిస్తే చాలనుకున్నాం. 2012లో కాపీరైట్ చట్టం సవరించి, చదవడానికి వీలైన రూపంలోకి పుస్తకాలు మార్చుకునే హక్కు ఇచ్చారు. 2014లో, అలాంటి పుస్తకాలను దేశాల మధ్య పంచుకోనిచ్చే మర్రకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకన్నా ముందు మనమే ఆమోదించాం. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. హక్కు వచ్చింది, గ్రంథాలయం వచ్చింది. పుస్తకాలను మాత్రం మళ్లీ కూర్పు చేసుకుంటూ రావాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వినాలి. ఫోను ప్రతి ఇంటికీ చేరింది, అది చదివి వినిపిస్తుంది, అలాంటప్పుడు ఎత్తుకోలేనంత బరువైన బ్రెయిలీ పుస్తకాలెందుకు? మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టి, దేవ్‌నార్‌లో చదివి, ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివే హక్కు కోసం న్యాయపోరాటం చేసిన శ్రీకాంత్ బొల్లా పాఠాలను ఆడియోగా చేయించుకునే చదివారు, ఎంఐటీ దాకా వెళ్లారు. ఛత్తీస్‌గఢ్‌లోనే 2010లో మొదలైన సీజీనెట్ స్వర మామూలు ఫోను మీద గోండీలో వార్తలు చెప్పుకునే, వినే వేదికను ఇచ్చింది. 2025లో గిరిజన వ్యవహారాల శాఖ తెచ్చిన ‘ఆది వాణి’ అనువాద యాప్‌లో తొలి నాలుగు భాషల్లో గోండీ ఉంది. ఇవన్నీ నిజమైన విజయాలు, వీటిని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. పెద్దయ్యాక చూపు కోల్పోయినవాళ్లకు వినికిడే ఆధారం. దృష్టిలోపం ఉన్న పిల్లల్లో చాలామందికి కొంత చూపు మిగిలే ఉంటుంది. వాళ్లకు కావలసింది సరైన అద్దాలు, పెద్ద అక్షరాల పుస్తకం, వెలుతురు ఉన్న బల్ల. వాళ్లమీద బ్రెయిలీ రుద్దడం అన్యాయం. కాని పదహారేళ్ల వాడు పదేళ్లు బడికి వెళ్లాక ఇంగ్లీషు పాఠం వినడం ఒకటి, ఆరేళ్ల వాడు తనది కాని భాషలో యంత్రం గొంతు వింటూ అక్షరం నేర్చుకోవడం ఇంకొకటి. వినేవాడికి మాట తెలుస్తుంది, ఆ మాట ఎలా రాస్తారో తెలియదు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ, వాక్యం ఆగే చోటు, కుండలీకరణాల్లో ఉన్న భిన్నం చెవికి పట్టుబడవు. రాయడం రాని చదువు ఇతరులు చెప్పింది వినడం దగ్గరే ఆగిపోతుంది. రేడియో వచ్చిందని చూపున్న పిల్లల బళ్లలో పలకలు పారేయలేదు కదా. ఇక భాష విషయానికొస్తే, యంత్రానికి గొంతు రావాలంటే గంటలకొద్దీ రికార్డింగులు, రాతలు, డబ్బు, నిపుణులు కావాలి. అందుకే పెద్ద భాషలు ముందు, చిన్నవి వెనక. గోండీకి వంతు వచ్చేసరికి ఇంతకాలం పట్టింది. మాట్లాడేవాళ్లు సుమారు యాభై వేలున్న పర్జీ ఆ తొలి నాలుగింటిలో లేదు. బ్రెయిలీకి ఆ వంతు లేదు. ధ్వని ఉంటే గడి ఉంది.

పుస్తకం బరువు గురించిన మాట నిజమే. ఒక అచ్చు పేజీ బ్రెయిలీలో రెండు మూడు పేజీలవుతుంది. తెలుగు బ్రెయిలీలో ఇంగ్లీషులోలా మాటల్ని కుదించే సంక్షిప్తాలు వాడుకలో లేవు కనుక మరింత చోటు పడుతుంది. కానీ ఒకటో తరగతి వాచకం ఎంత? ఆ వయసు పిల్లవాడికి కావలసింది గ్రంథాలయం కాదు, ముప్పై నలభై పేజీలు, ఒక బ్రెయిలీ పలక, స్టైలస్ అనే చిన్న మొన. ఛార్జింగు అక్కర్లేదు, సిగ్నలు అక్కర్లేదు, వానకు చెడిపోదు. గుచ్చి రాసే పలక అడవి ఊరికి సరిపోయినట్టు మరే పనిముట్టూ సరిపోదు. పెద్ద తరగతులకు వెళ్లాక యంత్రాలు ఎలాగూ వస్తాయి, రావాలి కూడా. యూనికోడ్‌లో కూర్చిన ఏ పాఠాన్నయినా చుక్కలుగా మార్చే లిబ్‌లూయీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. బెంగళూరు థింకర్‌బెల్ ల్యాబ్స్ చేసిన ‘యానీ’ యంత్రం మాటతో చెబుతూ పిల్లలకు బ్రెయిలీ నేర్పుతుంది. చెవి, వేలు ఒకదానికొకటి పోటీ కావని ఆ యంత్రమే రుజువు. దానిలో పెట్టే గొంతు ధుర్వా అమ్మదైతే మరీ మంచిది.

ఇంకో అభ్యంతరం లెక్కలది. 2011 జనగణన ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షలకు పైగా ఉన్నారు. అందులో ధుర్వా పిల్లలు ఎంతమంది ఉంటారు, వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కోసం ఇంత శ్రమా, అని అడుగుతారు. సంఖ్య చిన్నదన్న మాట ఒప్పుకుంటాను. శ్రమ పెద్దదన్న మాట ఒప్పుకోను. లిపి తయారుచేసే ఖర్చు 1951లోనే దేశం పెట్టేసింది. వ్యాకరణం కూర్చే ఖర్చు బరో, భట్టాచార్యలు పెట్టారు. మిగిలింది ఒక పట్టిక, ఒక వాచకం, ఆ వాచకాన్ని పట్టుకుని ఊళ్లు తిరిగే ఒక ఉపాధ్యాయుడు. బ్రెయిలీ అచ్చు వెయ్యి ప్రతులైతేనే గిట్టుబాటు అన్న రోజులు పోయాయి. కంప్యూటర్‌కు తగిలించిన ప్రింటరు ఒక్క ప్రతి అడిగితే ఒక్కటే ఇస్తుంది. మరికొందరు, ఇంటి భాష సరే, ఉద్యోగం హిందీతోనే కదా, వాడిని ధుర్వాలో నిలబెట్టి వెనక్కి నెట్టడం కాదా అంటారు. చూపున్న పిల్లల విషయంలో ఈ ప్రశ్నలో కొంత బరువుంది. వాళ్లు రెండో లిపికి ధర చెల్లించాల్సిన సందర్భాలు ఉంటాయి. ఇక్కడ ఆ ధర లేదు. ధుర్వాలో ‘క’ నేర్చిన వేలు హిందీ ‘క’ నేర్చేసినట్టే, తెలుగు ‘క’ నేర్చేసినట్టే. ఇంగ్లీషు సంక్షిప్తాలు తర్వాత వేరుగా నేర్చుకోవాల్సి ఉన్నా, ఆ భాషలో ‘కె’ అక్షరానికి కూడా 1, 3 చుక్కలే. తెలిసిన మాటలతో మొదలుపెట్టిన పిల్లవాడు చుక్కల్ని త్వరగా పడతాడు, ఎందుకంటే వేలు తడుముతున్న మాట ఏమై ఉంటుందో వాడి నోటికి ముందే తెలుసు. తెలియని భాషలో ఆ ఊహే ఉండదు. ఒక్కో గడినీ చీకట్లో మెట్టు వెతుక్కున్నట్టు వెతుక్కోవాలి.

వాచకం మొదటి పాఠంలో ఏ మాటలుండాలో ధుర్వా పెద్దలు, ఉపాధ్యాయులు కూర్చుని తేల్చాలి. పూలో, పిట్టలో, మహువా చెట్టో. వాళ్లను అడిగితే ఒకటి సూచిస్తాను. ‘కెయ్’, చెయ్యి. 1, 3 చుక్కలు. 2, 6 చుక్కలు. ఒంటరిగా 4వ చుక్క. చివర 1, 3, 4, 5, 6. నాలుగు గడులు, మొత్తం పది చుక్కలు. పలక మీద రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు గుచ్చుతారు, కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి మాట వస్తుంది.